ఒకరి కోడ్, ఇంకొకరి కంప్యూటర్

  

స్నాతకోత్సవ వేదికల మీద కొత్త భాషలు కనిపెట్టినవాళ్లను తలుచుకుంటారు. వాటిని ఇతరుల కంప్యూటర్లలో తేలిగ్గా పెట్టుకునేలా ప్యాకేజీ చేసినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. నేను ఎత్తుతాను.

1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో రొబెర్తో ఇయెరుసలిమ్‌స్కీ, మరో ఇద్దరు కలిసి లువా అనే చిన్న భాషను తయారుచేశారు. అదే ఏడు ఇయాన్ మర్డాక్ డెబియన్ అనే లినక్స్ పంపిణీని మొదలుపెట్టాడు. లువా ఇంటర్‌ప్రెటర్ అంతా సీ భాషలోనే ఉంటుంది. ‘మేక్’ అనే కమాండ్ కొడితే టీ చల్లారేలోపు సిద్ధం. ఇక డెబియన్ కోసం ప్యాకేజీ చేయడానికేముంది?

ఉంది. లువా తన మాడ్యూళ్లను మామూలుగా యూఎస్‌ఆర్‌లోని ‘లోకల్’ డైరెక్టరీలో వెతుక్కుంటుంది. డెబియన్ నియమాల ప్రకారం ఆ చోటు కంప్యూటర్ యజమానిది; ప్యాకేజీ అక్కడ ఒక్క ఫైలు కూడా పెట్టకూడదు. అందుకని ప్యాకేజీ చేసేవాళ్లు లువా సోర్సులోని లువాకాన్ఫ్ ఫైలులో కొద్ది వరుసలు మార్చి, వెతికే దారుల్లో డెబియన్ ప్యాకేజీల చోటునూ చేర్చారు. యజమాని చోటును మాత్రం దానికంటే ముందే ఉంచారు. మీరు సొంతంగా పెట్టుకున్న మాడ్యూలూ, ప్యాకేజీలో వచ్చిందీ ఒకే పేరుతో ఉంటే, మీదే చెల్లుతుంది. ఆ వరసలో ఉన్న మర్యాద నాకు భలే నచ్చుతుంది.

తర్వాత వెర్షన్ల గొడవ. పదిని రెండుతో భాగించి చూపమంటే లువా 5.2 ‘5’ అంటుంది. 5.3 మాత్రం ‘5.0’ అంటుంది. తప్పెవరిదీ కాదు, 2015లో వచ్చిన 5.3లో పూర్ణాంకాలను దశాంశాల నుంచి విడిగా గుర్తించడం మొదలైంది. కానీ ఆ జవాబును తీసుకెళ్లి బిల్లు నంబరులో అతికించే ప్రోగ్రాం ఎక్కడో ఒకటి నడుస్తూనే ఉంటుంది కదా! అందుకే డెబియన్‌లో 5.1, 5.4 లాంటివి వేర్వేరు ప్యాకేజీలుగా, ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఇమిడిపోతాయి. ఉత్త ‘లువా’ అని కొడితే ఏది పలకాలో ఆల్టర్నేటివ్స్ అనే ఏర్పాటు తేలుస్తుంది. నచ్చకపోతే మార్చుకోవచ్చు.

లైసెన్సు తలనొప్పి లేదు, 5.0 నుంచీ ఎంఐటీ లైసెన్సే. ప్యాకేజీలో ఉండాల్సిన కాపీరైట్ ఫైలు రాయడం మాత్రం విసుగు పని. రాయాల్సిందే.

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో చాలామంది కొత్త భాషలేమీ కనిపెట్టరు. ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరి కంప్యూటర్‌కు చేరుస్తారు. దారిలో ఏదైనా మారిస్తే, ఎందుకు మార్చారో ఆ మార్పుల ఫైలు, అంటే ప్యాచ్, పైన రెండు వాక్యాలు రాయండి. మీ తర్వాత ఆ ప్యాకేజీ చూసుకునేవాళ్ల దగ్గర మీ ఫోన్ నంబరు ఉండదు.