పెద్దయ్యాక యుద్ధవిద్య

ముప్పై, నలభై ఏళ్ల వయసులో తొలిసారి యుద్ధవిద్య నేర్చుకోదలచినవారు, ఏ విద్య గొప్పదన్న వాదన కంటే ముందుగా, తమ శరీరం దేనికి ఓర్చుకోగలదో, ఇంటికి దగ్గరలో ఏది సక్రమంగా నేర్పుతున్నారో తెలుసుకోవడం మేలు. ఒకినావా దీవిలో రూపుదిద్దుకున్న కరాటేలో పిడిగుద్దులకు, కాలి దెబ్బలకు ప్రాధాన్యం ఎక్కువైనా, అందులోని ‘కతా’, అంటే ప్రత్యర్థి లేకుండా నిర్ణీత వరుసలో చేసే కదలికల అభ్యాసం, ఎవరి వేగానికి తగినట్టు వారు సాధన చేసుకోవడానికి వీలు కల్పిస్తుంది. కొరియాకు చెందిన తైక్వాండోలో కాలిని ఎత్తుగా విసరవలసి ఉంటుంది కనుక, తుంటి, మోకాలి నొప్పులున్నవారు వైద్యుని సలహా తీసుకున్న తరువాతే అందులో చేరడం మంచిది.

1882లో జిగోరో కానో టోక్యోలో నెలకొల్పిన జూడోలో పట్టి పడవేయడమే ప్రధానం కాబట్టి, అక్కడ మొదట నేర్పేది ‘ఉకెమీ’, అనగా గడ్డాన్ని ఛాతీ వైపు వంచి, అరచేతితో, ముంజేతితో చాపను బలంగా చరుస్తూ, తల నేలకు తగలకుండా పడే పద్ధతి.

శిక్షణ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు, చేరకముందే ఒక తరగతిని ఆసాంతం చూసి, పెద్దలకు వేరే బ్యాచ్ ఉన్నదా, ఒంటిని వేడెక్కించే వ్యాయామం చేయిస్తున్నారా, కొత్తవారిని అనుభవమున్న, నిదానస్తులైన వారితో జత చేస్తున్నారా అన్నవి గమనించాలి. జూడో వంటి పట్టు ప్రధానమైన విద్యల్లో, పట్టు బిగిసినప్పుడు చేత్తో తట్టడం ఓటమిని ఒప్పుకునే సంకేతం. ఆ తట్టు పడగానే ఎదుటివారు పట్టు వదలని చోట గాయాలు తప్పవు. నెల ఫీజుతో పాటు దుస్తులకు, బెల్టు పరీక్షలకు అయ్యే ఖర్చును ముందే అడిగి తెలుసుకుని, తొలి నెల రుసుము మాత్రమే చెల్లించి ప్రారంభించడం వివేకం.