ఉక్కునగరం పొరుగున కొల్హాన్: ఒక విశ్వవిద్యాలయం పొలిమేరల చరిత్ర

కొల్హాన్ విశ్వవిద్యాలయం 2009 ఆగస్టు 13న రాంచీ విశ్వవిద్యాలయం నుంచి విడివడింది. తూర్పు సింహభూమ్, పశ్చిమ సింహభూమ్, సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాలు దాని పరిధి. గమ్హరియా పట్టణం ఉన్నది ఈ మూడో జిల్లాలో. కూతవేటు దూరంలో ఉక్కునగరం జంషెడ్‌పూర్ ఉండగా ఇక్కడి విద్యార్థి పట్టా మీద విశ్వవిద్యాలయ కేంద్రమైన చైబాసా పేరు ఎందుకుంటుందో తెలియాలంటే 2009 నాటి చట్టం చూస్తే చాలదు. 1837 దగ్గరికీ 1948 దగ్గరికీ వెళ్లాలి.

1831-32 కోల్ తిరుగుబాటు ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి ఒక పాఠం చెప్పింది. హో ఆదివాసుల సీమను జమీందార్ల కింద పెడితే నిలవదు. సైన్యంతో ఆ సీమను లొంగదీసిన థామస్ విల్కిన్సన్ 1837లో దాన్ని కొల్హాన్ ప్రభుత్వ ఎస్టేటుగా నేరుగా పాలనలోకి తెచ్చాడు. అయితే ఊరికి ముండా, కొన్ని ఊళ్ల కూటమికి మాన్కీ అనే పాత పెద్దరికాన్ని చెరపలేదు. తగవులు వాళ్లే తీర్చారు, శిస్తు వాళ్లే వసూలు చేశారు. ఆ ఏర్పాటు ఈనాటికీ పూర్తిగా పోలేదు. ఆ ఎస్టేటుకు కచేరీ చైబాసాలో వెలిసింది. ఉక్కునగరం పుట్టడానికి 70 ఏళ్ల ముందే చైబాసా ఒక సీమకు ముఖ్యపట్టణం.

జంషెడ్‌పూర్ పుట్టుక అందరికీ తెలిసినదే. ఇనుప ఖనిజం గురించి భూగర్భశాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ రాసిన 1904 నాటి లేఖ, 1907లో టాటా ఉక్కు కంపెనీ, 1912లో తొలి ఉక్కు, 1919లో సాక్చీకి జంషెడ్‌పూర్ అన్న కొత్త పేరు గురించి మళ్లీ చెప్పనక్కర్లేదు. తెలుగువారు ఇక్కడికి చేరిన దారి మాత్రం చెప్పుకోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు ఖర్గపూర్ నుంచి వాల్తేరుకు, మరోవైపు ఖర్గపూర్ నుంచి కాళీమాటి, గమ్హరియా, సీనీల మీదుగా చక్రధర్‌పూర్‌కు సాగింది. కాళీమాటియే నేటి టాటానగర్ స్టేషన్. ఉత్తరాంధ్ర కూలీ, ఫిట్టరు, గుమాస్తా ఆ పట్టాల మీదుగానే వచ్చారు.

ఇక్కడొక వాదాన్ని ఎదుర్కోక తప్పదు. సాక్చీ ఒకప్పుడు మనిషి జాడ లేని అడవి అనీ, నగరమూ చదువూ సంస్కృతీ అన్నీ కర్మాగారమే తెచ్చిందనీ రాసే చరిత్రకారులు నేటికీ ఉన్నారు. విశ్వవిద్యాలయం జంషెడ్‌పూర్‌లో కాక చైబాసాలో ఉండటం రాజకీయపు వక్రత అన్న మాట ఈ వాదం నుంచే పుడుతుంది. ఈ వాదం నిలవదు. సాక్చీ, కదమా, సోనారీ, బెల్డీహ్, జుగ్‌సలాయి, గోల్మురీ అన్నవి కంపెనీ పెట్టిన పేర్లు కావు, అవి ఊళ్ల పేర్లు. అవి ధల్‌భూమ్ జమీందారీలోని పొలాలు, చెరువులు, జాహేర్ అనే పవిత్ర తోపులు ఉన్న ఊళ్లు. మనుషులు లేనిచోట భూసేకరణ చట్టంతో పని ఏముంటుంది? ఆ భూమిని ప్రభుత్వం సేకరించే కంపెనీకి అప్పగించింది. సంతాలులు, భూమిజులు, హోలు పొలం వదిలి కొలిమి దగ్గర రోజుకూలీకి చేరారు. ఉక్కు తయారీ ఘనకార్యమే, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ ఘనత కోసం ముందున్నవారిని చరిత్రలోంచి తుడిచేయడం పండితులకు తగదు. కంపెనీ తన అవసరం మేరకే చదువు చెప్పించింది. 1921లో వెలిసిన సాంకేతిక విద్యాలయం అందుకే. ఆ సంస్థ కొలిమికి నిపుణులను ఇచ్చింది గానీ, ఈ నేల భాషలనూ గతాన్నీ చదివే పని దానిది కాదు.

విశ్వవిద్యాలయపు ఎల్లలు గీసినదీ కర్మాగారం కాదు. గమ్హరియా అప్పట్లో సరాయికేలా సంస్థానంలోది. పక్కనున్న ఆదిత్యపూర్‌కు పేరు వచ్చింది రాజా ఆదిత్య ప్రతాప్ సింగ్ దేవ్ నుంచి. ముసుగుల ఛవూ నృత్యాన్ని పోషించిన ఒడియా దర్బారు ఆయనది. 1948 జనవరి 1న సరాయికేలా, ఖర్సావాన్ ఒరిస్సాలో కలిశాయి. ఆరోజే ఖర్సావాన్ సంతలో, విలీనం వద్దంటూ కూడిన ఆదివాసుల మీద ఒరిస్సా మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపారు. ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ మాట వినడానికి వచ్చిన జనం వాళ్లు. చనిపోయిన వారి సంఖ్యపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ లెక్క తేలకపోవడం ఈ ప్రాంతపు చరిత్ర పరిశోధనకు తీరని బాకీ. అదే ఏడాది మే 18న రెండు సంస్థానాలూ బిహార్‌కు మారాయి. ఆ మార్పు లేకపోతే గమ్హరియా పిల్లల చదువు ఉత్కల్ విశ్వవిద్యాలయం కిందికి పోయేది. ఆ మే నెల వల్లనే వాళ్ల దారి పాట్నా వైపు, తరవాత రాంచీ వైపు తిరిగింది.

పాట్నా, బిహార్ విశ్వవిద్యాలయాల కాలంలో ఈ ప్రాంతానికి సంబంధించి చెప్పుకోదగ్గ విశేషాలు తక్కువ. 1949లో యాజమాన్య విద్యాసంస్థ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, 1950లో జాతీయ లోహశోధనాలయం, 1960లో ఆదిత్యపూర్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. ఈ కళాశాలే 2002లో ఎన్‌ఐటీ అయింది. రాంచీ విశ్వవిద్యాలయం 1960 జులైలో మొదలైంది. అక్కడ 1980ల మొదట్లో ఏర్పడిన ఆదివాసీ, ప్రాంతీయ భాషల శాఖే అసలు మలుపు. అమెరికాలో ఉద్యోగం విడిచి వచ్చి ఆ శాఖను నిలబెట్టిన రామ్‌దయాళ్ ముండా, తరవాత ఆ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయ్యారు. డోలు, పాట, నాట్యం కూడా పాఠ్యవిషయాలేనని ఆయన ఆచరించి చూపారు. సంతాలీ, ముండారీ, హో, కుడుఖ్, ఖడియా తరగతి గదిలోకి వచ్చింది ఆ శాఖతోనే. కొల్హాన్ విశ్వవిద్యాలయానికి వారసత్వంగా వచ్చిన ఆస్తుల్లో అంతకు మించినది లేదు.

మిగిలినది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2000 నవంబరు 15న జార్ఖండ్ ఏర్పడింది. 2001లో సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా, 2009లో కొల్హాన్ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1953 నాటి జంషెడ్‌పూర్ మహిళా కళాశాల ఇటీవల సొంతంగా విశ్వవిద్యాలయం అయింది. సంతాలీకి 2003 నాటి రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూలులో చోటు దక్కింది. లాకో బోద్రా వారంగ్ క్షితి లిపి కూర్చిన హో భాషకు ఆ చోటు ఇంకా దక్కలేదు. చైబాసా ఆచార్యులు ముందుగా చేపట్టవలసిన పని అదే.