శస్త్రచికిత్స యైన పిదప



నేఁడు నేను మాటలాడఁబోవు విషయము పురుషులు పదుగురిలో నెత్తనిది. ఇంటిలోని వారి కడను సయితము దీనిని దాఁచుకొందురు. నేనును దాఁచితిని. అందువలనఁ గలిగిన కష్టమే నన్ను ఈ మైక్రోఫోను ముందుఁ గూర్చుండఁబెట్టినది.

మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును జుట్టుకొని, అక్రోటుకాయంత గ్రంథి యొకటి పురుషుల కున్నది. ప్రోస్టేటు అని దాని పేరు. నా అఱువదియాఱవ యేఁట దానియందు క్యాన్సరు పుట్టినదని తేలినది. గ్రంథిని సమూలముగాఁ దీసివేయుట మేలని వైద్యులు నిర్ణయించిరి. ఈ శస్త్రచికిత్స క్రొత్తది కాదు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో, హ్యూ హాంప్టన్ యంగ్ అను వైద్యుఁడు 1904లోనే దీనిని జేసెను. గ్రంథి కిరువైపుల నంటియున్న సన్నని నరములను గాపాడుచు దానిని మాత్రము తొలఁగించు మార్గమును 1982లో అక్కడనే పాట్రిక్ వాల్ష్ చూపెను. ఆ నరములు దెబ్బతినినచో దాంపత్యశక్తి సన్నగిల్లును. దక్కినను అవి తేఱుకొనుటకు ఒకటి రెండేండ్లు పట్టవచ్చును. ఇదంతయు నాకు ముందే చెప్పిరి. కాని ప్రాణభయములో నున్నవాని చెవి కిట్టి మాట లెక్కవు.

చికిత్స బాగుగనే జరిగినది. కాళ్లలో నెత్తురు గడ్డకట్టకుండ మఱునాఁడే నడిపించిరి. పదిదినములు మూత్రపు గొట్టముతో నుంటిని. అది తీసిన నాఁడు పండుగ యనుకొని లేచి నిలువఁబడితిని, పంచె తడిసినది. దగ్గినఁ దడి, తుమ్మినఁ దడి, మనుమని నెత్తుకొనఁబోయినఁ దడి. ఆఱు వారములు బరువెత్తరాదని చెప్పియే యుండిరి. మనుమఁడు బరువని నాకుఁ దోఁచలేదు.

సాయంకాలము గ్రంథాలయమునకుఁ బోవుట నా ముప్పదియేండ్ల యలవాటు. మానితిని. మేనకోడలి పెండ్లికి జ్వరమని కబురంపితిని. నీరు త్రాగుట తగ్గించితిని. దానివలన మూత్రము చిక్కనై, మంట పుట్టి, ఆత్రము హెచ్చినదే కాని తడి తగ్గలేదు. చూడవచ్చిన బంధువులు రామనామము జపింపుమనిరి. జపింపవచ్చును, కాని పంచె యాఱదు. నా భార్యను వేఱుగదిలోఁ బరుండుమని నేనే చెప్పితిని. ఆమె యేమియు ననక చాప తీసికొని వెడలినది.

రెండు నెలలైన పిమ్మట నొక రాత్రి వచ్చి, “నామీద ఏమైనా కోపం వచ్చిందా మీకు?” అని యడిగినది. నలువదియేండ్లు కాపురము చేసిన మనిషి! నా సిగ్గును తన తప్పుగా లెక్కించుకొని రెండు నెలలు కుమిలినది. తడి సంగతియు, దానికన్నఁ జెప్పరాని రెండవ సంగతియు నా రాత్రియే చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. “రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను,” అని మాత్ర మన్నది.

మూత్రమును, అపానవాయువును ఆపుకొనునట్లు కటిలోని కండరములను బిగించి, అయిదు లెక్కించువఱకు నిలిపి, వదలుట నాకు నేర్పిరి. పదేసి మార్లు, దినమునకు మూఁడు పర్యాయములు. పొట్టను, తొడలను బిగింపరాదు, శ్వాస నాపరాదు. ప్రసవానంతరము స్త్రీలు చేయుటకై ఆర్నాల్డ్ కెగెల్ అను వైద్యుఁడు 1948లో ప్రకటించిన సాధన మిది. ఆ మాట వినఁగానే నా భార్య నవ్వినది. ఇంటిలో ఆ నవ్వు విని చాల కాలమైనది. చాప తిరిగి మా గదిలోనికి వచ్చినది. రెండవ విషయమునకును మందులు కలవని వైద్యుఁడు మా యిద్దఱి యెదుటఁ జెప్పెను. కొంత గుణము కనిపించినది, అంతకుమించి రేడియోలోఁ జెప్పను.

దినమునకు నాలుగు గుడ్డలు మార్చువాఁడను, అయిదవ నెలకు ఒకదానితో సరిపెట్టుకొంటిని. కొందఱికి ఏఁడాది పట్టును. పి.ఎస్.ఏ. అను నెత్తురు పరీక్ష మాత్రము ఇప్పటికిని జరుగుచున్నది. గ్రంథి లేనివానికి అది దాదాపు శూన్యముగ నుండవలెను. ఫలితము వచ్చు ముందటి రాత్రి నాకు నిద్రపట్టదు. ఆ రాత్రి మే మిద్దఱమును మేలుకొని యుందుము.

ఆఱవ నెలలో గ్రంథాలయమునకుఁ బోయి, తలుపునకు దగ్గఱి కుర్చీలోఁ గూర్చుంటిని. ఇన్నాళ్లు ఎక్కడికిఁ బోయితిరని పాతమిత్రుఁడొకఁ డడిగెను. జ్వరమని నోటిదాఁక వచ్చినది. మ్రింగి, ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆయన పత్రిక మడిచి ఇంటికిఁ బోయెను. మఱునాఁడు నన్ను బయటకుఁ బిలిచి, గొంతు తగ్గించి, ఆ వైద్యుఁడు ఏయే దినములలో నుండునని యడిగెను.