తలెత్తి గోడ చూడండి



ముప్పై ఏళ్లకు పైగా లోడ్ డిస్పాచ్ సెంటర్లలో షిఫ్టు డ్యూటీ చేశాను. ఏ లైన్లో ఎంత కరెంటు పారాలో చూసుకునే గది అది. నేను చేరిన రోజుల్లో ఒక గోడంతా మిమిక్ బోర్డే. లైన్లు గీతలుగా, బ్రేకర్లు దీపాలుగా కనిపించేవి. పైన ఎర్రటి అంకెల్లో ఫ్రీక్వెన్సీ. 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాల్సిన ఆ అంకె జారడం మొదలైతే ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, అందరి చేతులూ ఫోన్ల మీదికి వెళ్లేవి. ఇవాళ దాని హద్దులు 49.90, 50.05.

ఒక గాలివాన రాత్రి. ఒకే టవర్ల మీద రెండు సర్క్యూట్లు వెళ్లే డబుల్ సర్క్యూట్ లైన్లో పని ముగిసిందనీ, లైన్ క్లియర్ (కరెంటు ఆపిన లైన్ మీద పనిచేయడానికి ఇచ్చిన అనుమతి) వాపసు ఇస్తున్నామనీ ఫోనొచ్చింది. అది ఒకటో సర్క్యూట్. నేను రెండోది అనుకున్నాను. దాన్ని ఛార్జ్ చేయమని, అంటే కరెంటు వదలమని, సబ్‌స్టేషన్‌కు చెప్పబోతున్నాను. పక్క బల్ల దగ్గరున్న సీనియర్ ఆపరేటర్ నా మాట విని, గోడ వైపు చూసి, "ఆగవయ్యా! రెండో దాని మీద మనుషులున్నారు" అని అరిచారు. బోర్డు మీద రెండో సర్క్యూట్ దగ్గర, పని నడుస్తోందని చెప్పే ఎర్ర ట్యాగు వేలాడుతూనే ఉంది. ఆ లైన్ టవర్ మీద నలుగురున్నారు. నలుగురూ తెల్లారి ఇళ్లకు వెళ్లారు.

వాళ్లను కాపాడింది బోర్డు ఒక్కటే కాదు. ఆయన చెవి నా ఫోను మీద, కన్ను గోడ మీద ఉన్నాయి.

లండన్ భూగర్భ రైళ్ల బేకర్లూ లైన్ కంట్రోల్ రూమును పరిశీలించి పరిశోధకులు క్రిస్టియన్ హీత్, పాల్ లఫ్ 1992లో రాసింది చదివినప్పుడు నాకు మా గదే గుర్తొచ్చింది. అక్కడా లైనంతా చూపే పెద్ద బోర్డు ఉండేది. కంట్రోలర్ డ్రైవరుతో మాట్లాడుతుంటే, పక్కనున్న సహాయకుడు ఎవరూ చెప్పకుండానే ప్రయాణికులకు ప్రకటన మొదలుపెట్టేవాడు.

ఇప్పుడు మా గదుల్లో వీడియో వాల్ ఉంది. పాత బోర్డు కన్నా వందరెట్లు ఎక్కువ చూపిస్తుంది. కానీ ఒక్కొక్కరి ముందు మూడేసి మానిటర్లు. కొత్తగా చేరిన పిల్లలు గంటల తరబడి తలెత్తరు. నా దిగులంతా ఇదే. అమ్మా, నాయనా, మీ తెలివి మీద నాకు అనుమానం లేదు. మీ మెడల మీదే కోపం! చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కవాడి తప్పు మీకెలా వినిపిస్తుంది? మీ తప్పు ఎవరు పట్టుకోవాలి?

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామందికి గోడంత తెర ఉన్న ఆఫీసుల్లోనే ఉద్యోగాలు వస్తాయి. దాన్ని అలంకారంగా వదిలేయకండి. అందులో తప్పు కనిపిస్తే గట్టిగా, పేరు పెట్టి పిలిచి చెప్పండి. మొదటి జీతం అందేలోపు, మీ పక్క బల్లవాళ్లు ఏ పనిలో ఉన్నారో అడిగి తెలుసుకోండి.