వేడి వేసే అడుగు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది ఇదే సమావేశంలో మామీద ఒక ప్రశ్న పడింది. మన మేడమీద సిమెంటు రేకుల గది ఉంది గదా, సాయంత్రం పదో తరగతి ఆడపిల్లలు చదువుకునే గది. దానికి ఎండ తగలకుండా ఉంటుందని సంఘం చందా డబ్బుతో "నానో" రంగు వేయించాము. వేసవి వచ్చింది. గది ఎప్పటిలాగే పెనం మీద పెట్టినట్టే ఉంది. "మాస్టర్ సాబ్, సైన్సు చెప్పే మీరే మోసపోతే మాబోటివాళ్ల గతేమిటి?" అని ఒక పెద్దాయన నిండు సభలో అడిగారు. ఆ కొనుగోలు తీర్మానం మీద సంతకం చేసిన ముగ్గురిలో మేమూ ఒకరం. అప్పుడు మాదగ్గర జవాబు లేదు. ఇంకో కుర్రవాడు లేచి "అసలు నానో అంటేనే మోసమా సార్?" అన్నాడు. ఆ రెండు ప్రశ్నలకూ ఇవాళ జవాబు చెప్పుకుందామని నిలబడ్డాము.

ముందు కుర్రవాడి ప్రశ్న. నానో మోసం కాదు. ఒక మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు ఎనభై వేల నానోమీటర్లు. పాతబస్తీలో సుత్తితో కొట్టి కొట్టి వెండి వరఖ్ తీస్తారు గదా, ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. అదీ కొన్ని వందల నానోమీటర్ల మందం ఉంటుంది. మేము చెప్పబోయే లెక్కలో వరఖ్ కూడా దుప్పటి లాంటిదే.

గాలిలో వేడి ఎలా నడుస్తుంది? జనవరిలో నాంపల్లి నుమాయిష్ మైదానం తలుచుకోండి. ఒక పిల్లవాడు తప్పిపోయాడన్న కబురు ఈ చివరినుంచి ఆ చివరికి చేరాలి. ఒకడు నాలుగడుగులు వేస్తాడు, ఇంకొకడికి తగులుతాడు, కబురు చెబుతాడు. వాడు మరో నాలుగడుగులు వేసి ఇంకొకడికి చెబుతాడు. గాలి రేణువులూ అంతే. వేడిచోట ఉన్నది వేగంగా కదిలి, పక్కదానికి తగిలి, తన వేగంలో కొంత దానికిస్తుంది. మామూలు గాలిలో ఒక రేణువు ఇంకోదానికి తగిలేలోపు పోయే దూరం సగటున 70 నానోమీటర్లు. అదే వేడి వేసే అడుగు అనుకోండి.

ఇప్పుడు ఆ మైదానాన్నంతా అడుగు కంటే చిన్నవైన గదులుగా గోడలు కట్టేశామనుకోండి. మనిషి కదలగానే గోడకు తగులుతాడు, వెనక్కి వస్తాడు, మళ్లీ గోడకే. ఇంకొక మనిషిని కలిసేదెప్పుడు, కబురు చెప్పేదెప్పుడు! సరిగ్గా ఇదే ఉపాయంతో తయారయ్యే పదార్థం ఏరోజెల్. అందులో రంధ్రాలు చాలావరకు 50 నానోమీటర్ల కంటే చిన్నవి. లోపల అధికభాగం గాలే. ఆ కాస్త గోడలూ ఇసుకలో ఉండే సిలికాతో అల్లిన సన్నని గొలుసులు, వంకరటింకర గల్లీలు. గోడవెంట పోదామన్నా వేడికి తిన్నని దారి దొరకదు. అందువల్ల కదలకుండా నిలిచిన గాలి కంటే కూడా ఏరోజెల్ వేడిని తక్కువ పోనిస్తుంది. గాలితో నిండినది గాలి కంటే మెరుగ్గా వేడిని ఆపడం వినడానికి వింతగానే ఉంటుంది. మేమూ మొదట చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాము.

దీన్ని 1931లో అమెరికాలో శామ్యూల్ కిస్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు లోకానికి తెలిపాడు. జెల్లీ ఎండితే ముడుచుకుపోతుంది. అలా ముడుచుకోకుండా లోపలి ద్రవాన్ని తీసెయ్యడమే కష్టం. ద్రవమో ఆవిరో తేడా తెలియని స్థితి వచ్చేదాకా అధిక ఒత్తిడిలో వేడిచేసి, ఆ తర్వాత మెల్లగా వదిలేశాడు. జెల్లీ ఆకారం నిలిచింది, తడి పోయింది. 1997లో అంగారక గ్రహం మీద తిరిగిన సోజర్నర్ అనే చిన్న బండి లోపలి యంత్రాలకు అక్కడి చలి తగలకుండా ఏరోజెల్ కప్పారు. అంతదూరం ఎందుకు, మన ఊరి అంచున బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. ఉత్త ఏరోజెల్ పెళుసు, వేలితో నొక్కితే పొడి అవుతుంది. దాన్ని పీచుపట్టలో నింపి, బట్టలా వంగే పలకలుగా చేసే పద్ధతిని అక్కడి శాస్త్రజ్ఞులు సాధించారు.

గట్టి పదార్థాలలోనూ ఇదే కథ. అక్కడ రేణువులు పరుగెత్తవు, ఉన్నచోటే వణుకుతాయి. ఆ వణుకు అలలా సాగుతుంది. శాస్త్రజ్ఞులు దాన్ని ఫోనాన్ అంటారు. సిలికాన్ వేడిని బాగా పోనిస్తుంది. అయితే 50 నానోమీటర్ల మందపు గరుకు తీగగా చేస్తే దాదాపు వందోవంతే పోనిస్తుందని 2008లో బర్క్‌లీలో తేల్చారు. అల గరుకు అంచులకు కొట్టుకుని చెదిరిపోతుంది. వృథాగా పోయే వేడినుంచి కరెంటు తీయాలనుకునేవారికి ఇలాంటి పదార్థం కావాలి. అదంతా ఇంకోరోజు చెప్పుకోవలసిన మాట.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాము. మేము ఎలా మోసపోయాము?

ఆ వ్యాపారి మన కార్యాలయానికే వచ్చాడు. అరంగుళం మందం తెల్లని పట్ట ఒకటి తీశాడు. కింద స్టవ్ మంట పెట్టి, పైన మాచేత చెయ్యి పెట్టించాడు. చెయ్యి కాలలేదు. అది నిజమైన ఏరోజెల్ పట్టే అయివుండాలి. ఆ తర్వాత డబ్బా తెరిచి "ఇందులోనూ అదే ఉంది" అన్నాడు. చూపించింది పట్ట, అమ్మింది రంగు. మేము అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పొర మందం ఎంత? అది అడగలేదు.

లెక్క చూడండి. రంగు పొర మహా అయితే మిల్లీమీటరులో మూడో వంతు. పోనీ ఆ పొర మొత్తం శుద్ధమైన ఏరోజెలే అనుకుందాము. అప్పుడు కూడా అది ఆపే వేడి ఒక సెంటీమీటరు థర్మోకోల్ ఆపేదానిలో పదో వంతు ఉండదు. పైగా అది శుద్ధం కాదు, పొడి కొంత, జిగురు ఎక్కువ. జిగురు గుండా వేడి హాయిగా దారి చేసుకుంటుంది. రంధ్రం ఎంత చిన్నదైనా గోడకు మందం కావాలి. మన పేటకు పేరిచ్చిన తోప్ కా సాంచా గోడలు చూశారు గదా. రెండవ నిజాం కాలంలో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు అది. మన పెద్దలు ఆయన్ను మూసా రహీం అన్నారు. ఆ గోడల పక్కనుంచి రోజూ బడికి నడుస్తూ కూడా మందం మాట మాకు తట్టలేదు!

ఇంకో తప్పు కూడా జరిగింది. పైకప్పు మీద అసలు శత్రువు ఎండ. అది వెలుగుగా వస్తుంది. దాన్ని లోపలికి రాకముందే వెనక్కి కొట్టాలి. దానికి తెలుపు కావాలి. మేము వేయించిన రంగు బూడిద రంగు. మురికి కనబడదని మేమే ఎంచుకున్నాము.

ఈ మాటలు నిజమో కాదో చూద్దామని ఈ వేసవిలో పిల్లలచేత ఒక పని చేయించాము. సగం రేకులమీద రెండు పూతలు సున్నం వేయించాము. మిగతా సగం ఆ బూడిదరంగుతోనే వదిలాము. ఒకే రకం థర్మామీటర్లు రెండు కొని, రేకుల అడుగున రెండు వైపులా కట్టాము. పదిరోజులు మధ్యాహ్నం రెండింటికి అమ్మాయిలు వంతులవారీగా ఎక్కి రాసుకున్నారు. సున్నం వైపు ప్రతిరోజూ ఐదారు డిగ్రీలు తక్కువ. ఆ నోటుబుక్కు వెనక బల్లమీద ఉంది, చూడవచ్చు. అందులో ఒకరోజు అంకె కొట్టివేసి ఉంటుంది. ఆరోజు థర్మామీటరు జారి ఎండలో పడిందట. ఆ సంగతి దాచకుండా రాసిన అమ్మాయిని మేము మెచ్చుకున్నాము.

తెల్లకప్పుల సంగతి ప్రభుత్వానికీ పట్టింది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చారు. ఆరువందల గజాలు దాటిన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి అన్నారు. మన గల్లీలో ఆరువందల గజాలు ఎవరికున్నాయి! అయినా సున్నానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక్క చిక్కు, ఆబిడ్స్ దుమ్ముకు ఏడాదిలో తెలుపు మాసిపోతుంది. ఏటా మార్చిలో మళ్లీ వేయాలి.

పోయిన డబ్బు తిరిగిరాదు. సంతకం చేసిన ముగ్గురం కలిసి సున్నం, కూలీ ఖర్చు మేమే భరిస్తామని కార్యదర్శిగారికి రాసిచ్చాము. మిగిలిన సగానికి ఈ ఆదివారం జొహర్ తర్వాత పూత మొదలవుతుంది. పొడుగు నిచ్చెన ఒకటి కావాలి. ఎవరింట్లోనైనా ఉంటే సభ అయ్యాక దయచేసి మాతో చెప్పండి.