ఒకే డిగ్రీ, నాలుగు ధరలు
(కోయంబత్తూరు మిల్లు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించి, పనిభారం గురించి ఈ వేదిక మీద చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు కాలేజీ ఫీజుల లెక్క చెప్పమని కమిటీ కోరింది. ఇదీ జీతం సంగతే. బోనసు పోరాడి తెచ్చుకుంటున్నాం. మే, జూన్ నెలల్లో ఒక్క సంతకంతో అంతకు రెండింతలు పోగొట్టుకుంటున్నాం.

తమిళనాడులో ఇంజనీరింగ్ కాలేజీలు స్థూలంగా నాలుగు రకాలు. అన్నా విశ్వవిద్యాలయం సొంత విభాగాలు, ప్రభుత్వ కాలేజీలు, ప్రభుత్వ సహాయం పొందే ఎయిడెడ్ కాలేజీలు, చివరగా సెల్ఫ్ ఫైనాన్సింగ్ కాలేజీలు. మొదటి మూడు రకాలకూ నాలుగో రకానికీ ఫీజులో నేలకూ నింగికీ ఉన్నంత తేడా. మన ఊళ్లోనే చూడండి. 1945లో జి.డి. నాయుడు గారి చొరవతో, విరాళంతో మొదలైన కాలేజీయే ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల, జి.సి.టి. 1951లో వచ్చిన పి.ఎస్.జి. టెక్, 1956లో వచ్చిన సి.ఐ.టి. ఎయిడెడ్ కాలేజీలు. మన మిల్లుల చుట్టూ పెరిగిన కాలేజీలే ఇవన్నీ. అయినా మనవాళ్లలో చాలామంది వీటి గేటు దాకా కూడా వెళ్లరు. ఊరి బయట రంగురంగుల బస్సులున్న కాలేజీకే వెళ్తారు. ఏమంటే, అక్కడివాళ్లు ఇంటికొచ్చి పిలిచారంటారు. పిలిచినవాడు ఊరికే పిలుస్తాడా?

ఎయిడెడ్ కాలేజీల్లో ఒక మెలిక ఉంది. ఆ కాలేజీలోనే కొన్ని కోర్సులు ఎయిడెడ్, కొన్ని సెల్ఫ్ ఫైనాన్సింగ్. గేటు ఒకటే, మాస్టర్లు చాలావరకు వాళ్లే, ఫీజు మాత్రం వేరు. ఆర్ట్స్ కాలేజీల్లోనూ ఇదే తంతు. ఒకే బి.కాం.కు రెండు ధరలు. కాబట్టి కాలేజీ పేరు చూసి తృప్తి పడకండి. కౌన్సెలింగ్‌లో ఎంచుకునే ముందు కోర్సు పక్కన ఏమని రాసి ఉందో చదివించుకోండి.

ఇప్పుడు లెక్క. సెల్ఫ్ ఫైనాన్సింగ్ కాలేజీలో కౌన్సెలింగ్ ద్వారా వచ్చే సీటుకు 2017లో ఫీజుల కమిటీ నిర్ణయించిన ట్యూషన్ ఫీజు ఏడాదికి 50,000 రూపాయలు, గుర్తింపు పొందిన కోర్సయితే 55,000. మేనేజిమెంట్ సీటుకు 85,000, 87,000. ఆ ధరల ప్రకారం గుర్తింపు ఉన్న కోర్సుకు నాలుగేళ్లకు కౌన్సెలింగ్ సీటు 2,20,000, మేనేజిమెంట్ సీటు 3,48,000. చేరే ఏడాది కమిటీ జాబితా మళ్లీ చూసుకోవాలి, కానీ తేడా ఏపాటిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంట్లో ఇంతవరకు ఎవరూ డిగ్రీ చదవకపోతే, మొదటి పట్టభద్రులకు 2010 నుంచి ప్రభుత్వం ఇస్తున్న రాయితీ ఉంది. ఇంజనీరింగ్‌కు ఏడాదికి 25,000. నాలుగేళ్లకు లక్ష. అంటే 2,20,000 కాస్తా 1,20,000 అవుతుంది. మనలో చాలా ఇళ్లకు ఇది వర్తిస్తుంది. అయితే కౌన్సెలింగ్ సీటుకే ఇస్తారు. మేనేజిమెంట్ సీటు తీసుకున్నవాడికి ఈ లక్ష కూడా పోయినట్టే. ఇంటికి ఒక్కరికే ఇస్తారు కనుక అక్క వాడుకుంటే తమ్ముడికి రాదు. రెవెన్యూ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. 6వ తరగతి నుంచి 12 దాకా ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు 7.5 శాతం సీట్లు కేటాయించారు. 2020లో వైద్యవిద్యకు, 2021లో ఇంజనీరింగ్ వగైరాలకు. ఈ కోటాలో ఇంజనీరింగ్ సీటు వస్తే ట్యూషన్, హాస్టల్ ఖర్చులు ప్రభుత్వమే భరిస్తుంది. అమ్మాయిలకు 2022 నుంచి పుదుమైప్పెణ్, అబ్బాయిలకు 2024 నుంచి తమిళ్ పుదల్వన్ పథకాల కింద నెలకు 1,000 రూపాయలు. రెండో పథకం మన కోయంబత్తూరులోనే ప్రారంభించారు. ఇక్కడ మనం ఆలోచించాల్సింది ఒకటుంది. అప్పుచేసి అయిదేళ్లు మెట్రిక్యులేషన్ బడికి పంపి, 11వ తరగతికి ప్రభుత్వ బడికి మార్చే తల్లిదండ్రులున్నారు. వాళ్లకు ఈ కోటా రాదు. కాలేజీ ఫీజు ఎంతో తేలేది 12వ తరగతి తరువాత కాదు, 6లో ఏ బడి గడప తొక్కారన్న దగ్గరే. ఇంట్లో చిన్నపిల్లలున్న కార్మికులు ఈ మాట ఇవాళే ఇంటికి తీసుకెళ్లండి.

ఇంజనీరింగ్ ఒక్కటే చదువు కాదు. 1852 నాటి మూలాలున్న ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ మన ఊళ్లోనే ఉంది. ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీల్లో డిగ్రీకి 2007-08 నుంచి ట్యూషన్ ఫీజే లేదు. పాలిటెక్నిక్ దారి కూడా ఉంది. పదో తరగతి తరువాత మూడేళ్ల డిప్లొమా చేసి బి.ఇ. రెండో ఏట చేరవచ్చు. మొత్తం ఆరేళ్లు, ప్లస్ టూ దారిలో పట్టేదీ ఆరేళ్లే. బి.ఇ. ఫీజు మాత్రం ఒక ఏడాది తగ్గుతుంది. మధ్యలో చదువు ఆగినా చేతిలో డిప్లొమా ఉంటుంది. మిల్లులో ఫిట్టరు పక్కన నిలబడ్డ మనకు దాని విలువ ఒకరు చెప్పాలా?

బయటి ఊరి కాలేజీ అయితే ట్యూషన్ ఫీజుతో సరిపోదు. హాస్టల్, మెస్, బస్సు, "ట్రైనింగ్" పేరిట వసూళ్లు. వీటన్నిటినీ ఒక కాగితం మీద రాయించుకుని, నాలుగుతో హెచ్చించి చూడండి. రశీదు ఇవ్వకుండా విరాళమని అడిగితే అది నేరం. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చింది. దానికోసం కందువడ్డీకి అప్పు తేవడం, ఇంటామె పుస్తెలు కుదువ పెట్టడం మన లైన్లలో చూస్తూనే ఉన్నాం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు ఎన్.టి.సి. మిల్లులు ఆగినప్పుడు, సగం జీతం మీద బతుకుతూ ఆ వడ్డీలు కట్టినవాళ్లను అడగండి.

చివరగా, లేబర్ వెల్ఫేర్ ఫండ్ కింద ఏడాదికొకసారి మన జీతంలో కోసే చిల్లర సంగతి. ఆ ఫండు నుంచి కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తారు. అడిగినవాళ్లకే ఇస్తారు. దరఖాస్తు మీద మిల్లు యాజమాన్యం సంతకం కావాలి. సంతకానికి తిప్పుకుంటే సంఘానికి చెప్పండి, ఆ పని మేం చూస్తాం.

ఫలితాలు వచ్చిన వారం నుంచి సంఘం ఆఫీసులో సాయంత్రం షిఫ్టు మారాక ఇద్దరు కూర్చుంటారు. మార్కుల పత్రం, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఏ బడిలో ఏ ఏళ్లు చదివారో చూపే కాగితం తీసుకురండి. ఎవరికీ అడ్వాన్సు కట్టకముందే రండి.