పేరులో ఉన్నదా విశ్వాసం?



ఎవరు మీరని అడిగితే ముందు పేరు చెబుతాం. పేరు వినగానే ఎదుటివారు మన మతం లెక్క కట్టేస్తారు. పేరు అమ్మానాన్నలు పెట్టింది. విశ్వాసం ఎవరికి వారు మనసులో నిలుపుకోవలసింది. రెండూ ఒకటేనా?

దివ్యఖుర్ఆన్ హుజురాత్ అధ్యాయంలో, విశ్వసించామని చెప్పుకున్న ఎడారివాసులకు విశ్వాసం ఇంకా వారి హృదయాల్లోకి చేరలేదని తెలియజేసింది. మాఊన్ అధ్యాయం మరీ సూటిగా, అనాథను గెంటివేసేవాడినే ధర్మాన్ని తిరస్కరించేవాడిగా చూపింది. అంటే తిరస్కారం నోటితోనే కాదు, చేతితోనూ జరుగుతుంది.

ఇదే ప్రశ్నను మన తెలుగు నేల మీద అవతలి వైపు నుంచి వేసినవారు గోరా. గోపరాజు రామచంద్రరావు 1902లో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. దేవుడు లేడన్నందుకు కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. గాంధీజీతో ఆయనకు దేవుడి విషయంలో ఏకాభిప్రాయం లేదు, అస్పృశ్యత పోవాలన్న విషయంలో ఉంది. గోరా నిర్ణయాన్ని మనం ఒప్పుకోం. అయినా లోపల లేనిదాన్ని ఉన్నట్టు చూపించి ఆయన బతకలేదు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో 28 లక్షలకు పైగా జనం మతం తెలపలేదు. జనన నమోదులో మతం లేదు, కులం లేదు అని రాసుకునే వీలుండాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛ మన నమాజునూ కాపాడుతుంది, నమ్మనివాడి మౌనాన్నీ కాపాడుతుంది.

ఇక మన ఇళ్ల సంగతి. విశాఖలో చదివే కొడుకు సెలవులకొచ్చి, "అబ్బా, నాకు నమ్మకం కుదరడం లేదు" అంటే ఏం చేస్తాం? నలుగురిలో పరువు పోతుందని నోరు మూయిస్తాం. వాడు జుమాకు వస్తాడు, వరుసలో నిలబడతాడు, మనతో మాట్లాడటం మానేస్తాడు. మనకు పేరు దక్కుతుంది, బిడ్డ దూరమవుతాడు. విశ్వాసంలో బలవంతం లేదన్నది మన ధర్మమే నేర్పింది. వాడి ప్రశ్న వినాలి, తెలిసినంత చెప్పాలి, దుఆ చేయాలి, అన్నం పెట్టాలి.

సంఘంగా మా పద్ధతీ ఇదే. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. ఆ పద్దు వేరుగా రాస్తాం. సదఖా నుంచి ఇచ్చే ఫీజు సాయానికి మాత్రం ఇంటి ఆదాయం, చదువు, అవసరం చూస్తాం. ఎన్ని పూటలు నమాజు చేశావని అడగం. పట్టింపు లేక కాదు, హృదయాల లెక్క అల్లాహ్‌ది కనుక. మనకు అప్పగించినది ఆకలి లెక్క, ఫీజు లెక్క. వాటిలో తప్పితే మన పేర్లు మనల్ని కాపాడవు.

మనం చెప్పుకునే మాటకు తగిన నడవడిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.